మోటారు మెకానిక్ అప్రెంటిస్‌షిప్: మేనల్లునికి లేఖ

చిరంజీవి మేనల్లునికి ఆశీస్సులు.

ఐటీఐలో నీ మోటారు వెహికల్ మెకానిక్ కోర్సు ముగియవచ్చిందనీ, హన్మకొండలోని ఒక కార్ల షోరూం వారు పాసైన వెంటనే చేరమంటున్నారనీ మీ అమ్మ చెప్పింది. చేరే ముందు ఒక సంగతి తేల్చుకో: నిన్ను అప్రెంటిస్‌గా ఒప్పందం రాసుకొని తీసుకుంటున్నారా, లేక ఊరికే ట్రైనీ అని పిలిచి పని చేయించుకుంటారా?

1961 నాటి అప్రెంటిస్ చట్టం ప్రకారం ఒప్పందం ప్రభుత్వ పోర్టల్‌లో నమోదైతే స్టైపెండుకు కనీస హద్దు ఉంటుంది. 2019 సవరణలో ఐటీఐ పాసైన వారికి దానిని నెలకు 7,000 రూపాయలుగా నిర్ణయించారు. పనిలో దెబ్బ తగిలితే పరిహారం యాజమాన్యమే చెల్లించాలి. చివర పరీక్ష పాసైతే జాతీయ అప్రెంటిస్ సర్టిఫికెట్ వస్తుంది. డీజిల్ మెకానిక్ చదివిన నీ స్నేహితులకు కూడా ఈ మాట చెప్పు: రైల్వేలోనే అప్రెంటిస్ పూర్తి చేసిన వారికి అక్కడి లెవెల్-1 (అన్నిటికన్నా కింది స్థాయి) ఉద్యోగ నియామకాల్లో 20 శాతం కోటా ఉంది. అయితే శిక్షణ ఇచ్చిన సంస్థ ఉద్యోగం కూడా ఇచ్చి తీరాలని చట్టం చెప్పదు కనుక, ఆ ఏడాదిలో చేతికి ఏ పని వస్తుందన్నదే అసలు లెక్క.

నన్నడిగితే మొదటి ఏడాది ఆర్టీసీ డిపోలోనో, సింగరేణి వర్క్‌షాపులోనో గడపడం మేలు. షోరూంలో వారంటీ బండికి పాడైన భాగం తీసి కొత్తది బిగించడమే ఎక్కువ. డిపోలో బస్సు డాకింగ్‌కు, అంటే నిర్ణీత కాలానికి చేసే పూర్తి తనిఖీకి, వచ్చినప్పుడు బ్రేకులు, క్లచ్, స్టీరింగ్ విప్పి చూసే అవకాశం దొరుకుతుంది. మన వైపు పనికి కొదవ లేదు: కరీంనగర్ గ్రానైట్ క్వారీల పొక్లెయిన్లు, ఓపెన్‌కాస్టు గనుల డంపర్లు, వరి కోత మొదలవగానే పగలూ రాత్రీ తిరిగే హార్వెస్టర్లు ఉన్నాయి. వాటి హైడ్రాలిక్స్ (ఆయిల్ ఒత్తిడితో నడిచే భాగాలు) తెలిసిన మెకానిక్‌ను కోతల సీజన్‌లో వెతుక్కుంటూ వస్తారు.

ఆ తరువాత షోరూంకు వెళ్లినా నష్టం లేదు, ఎందుకంటే 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 అనే పొగ కాలుష్య నిబంధనలు వచ్చాక, బండి కంప్యూటర్‌లోని లోపాల కోడ్‌లు చదివే స్కానర్ పట్టడం రాకుండా కొత్త బండి జోలికి పోలేము. స్కానర్ ఒక సెన్సర్ పేరు చూపగానే దాన్ని మార్చేయక, ముందు మల్టీమీటర్‌తో వైరింగును, కనెక్టరును పరీక్షించు. ఎలక్ట్రిక్ బండ్లలో నారింజ రంగు కేబుళ్లు హై వోల్టేజివి. శిక్షణ లేకుండా వాటిని తాకమని ఎవరు చెప్పినా తాకకు.

షోరూం వారిని రెండు మాటలు అడుగు: ఒప్పందం నమోదు సంఖ్య ఎప్పుడిస్తారు, ఏడాదంతా వాషింగ్, ఆయిల్ మార్పుల దగ్గరే ఉంచుతారా? స్టైపెండు కోసం నీ బ్యాంకు ఖాతాకు ఆధార్ ఇప్పుడే జత చేయించు.

ఇట్లు,
మీ మామయ్య