నాలుగేళ్ల పాపకు పక్షవాతం భయం

ప్రశ్న: డాక్టర్ గారూ, మా పాపకు నాలుగేళ్లు. సికిల్ సెల్ జబ్బు అని ఏడాది కిందట తేలింది. మాది మేనరికం, మా ఇద్దరికీ ఏ జబ్బూ లేదు. మొన్న మా ఆడపడుచు కొడుకు, వాడికి ఆరేళ్లు, వాడిదీ ఇదే జబ్బు, అన్నం తింటుంటే చేతిలోంచి గ్లాసు జారిపోయి మూతి ఒక పక్కకు లాగేసింది. పక్షవాతం అన్నారు. మా పాపకూ వస్తుందా? ఏవో జీన్ టెస్టుల ప్యాకేజీ చేయించమని మా తమ్ముడు అంటున్నాడు.
– ఒక తల్లి, ఉట్నూరు

జవాబు: అమ్మా, ముందు ఆ ప్యాకేజీ సంగతి పక్కన పెట్టండి. పాప విషయంలో తెలియాల్సిన జన్యువు ఏదో ఇప్పటికే తెలిసిపోయింది. హిమోగ్లోబిన్ జన్యువులో ఒక్క అక్షరం మారిన కాపీ మీ దగ్గర ఒకటి, మీ ఆయన దగ్గర ఒకటి ఉంది, అందుకే మీకు జబ్బు లేదు, పాపకు రెండూ వచ్చాయి. ప్యాకేజీల్లో కనిపించే ఫ్యాక్టర్ ఫైవ్ లైడెన్ (రక్తం తేలిగ్గా గడ్డకట్టేలా చేసే జన్యు మార్పు) లాంటివి యూరప్ వాళ్లలోనే ఎక్కువ, దానికోసం వేలు పోయక్కర్లేదు.

ఇక భయం సంగతి. ఈ జబ్బులో కొడవలిలా వంగిన ఎర్ర రక్తకణాలు మెదడుకు వెళ్లే పెద్ద రక్తనాళాల గోడల్ని దెబ్బతీస్తే నాళం సన్నబడుతుంది. పైపు చివర బొటనవేలు పెట్టి నొక్కితే నీళ్లు జోరుగా చిమ్ముతాయి కదా, అక్కడ రక్తం కూడా అంతే. ఆ వేగాన్ని కొలిచేదే ట్రాన్స్‌క్రేనియల్ డాప్లర్, డాక్టర్లు టీసీడీ అంటారు. కణత మీద జెల్ రాసి ప్రోబ్ పెడతారు, సూది లేదు, మత్తు లేదు. పాప మెలకువగా ఉండాలి, నిద్రపోతే వేగం లెక్క మారిపోతుంది, జ్వరం ఉన్న రోజు కూడా వద్దు. రెండేళ్ల నుంచి పదహారేళ్ల దాకా ఏటా చేయించాలి.

సెకనుకు 200 సెంటీమీటర్లు దాటితే ప్రమాదం. అలాంటి పిల్లలు 130 మందితో అమెరికాలో చేసిన అధ్యయనం 1998లో వచ్చింది: నెలనెలా రక్తం ఎక్కించిన 63 మందిలో ఒక్కరికే పక్షవాతం వస్తే, మామూలు వైద్యం ఇచ్చిన 67 మందిలో 11 మందికి వచ్చింది. ఇంత తేడా చూపించే వైద్యం పిల్లల జబ్బుల్లో నాకు అరుదుగా కనిపిస్తుంది. రక్తం ఎక్కించే కొద్దీ ఒంట్లో ఐరన్ పేరుకుంటుంది, దానికి మందు వాడాలి. కొందరిని తర్వాత, కణాలు వంగిపోవడాన్ని తగ్గించే హైడ్రాక్సీయూరియా మాత్రలకు మారుస్తారు. వేగం మామూలుగా ఉన్నా ఆ మాత్ర పాపకు మొదలుపెట్టాలా అని మీ డాక్టర్ని అడగండి.

ఆడపడుచు కొడుకు సంగతి మాత్రం తొందర. ఒకసారి వచ్చినవాడికి మళ్లీ వచ్చే అవకాశం చాలా ఎక్కువ, చెయ్యి కాస్త ఆడుతోంది కదా అని పసరు మందు పట్టించి ఇంట్లో కూర్చోబెట్టకండి, రక్తం ఎక్కించడం మధ్యలో మానేయనివ్వకండి.

మరో బిడ్డను అనుకుంటుంటే, ప్రతి కాన్పుకూ నాలుగింట ఒక వంతు అవకాశం ఇదే జబ్బుకు ఉంటుంది. గర్భం నిలిచిన మొదటి నెలల్లోనే పరీక్ష చేయించుకోవచ్చు, కాబట్టి ఆలస్యం చేయకుండా డాక్టర్‌కి చెప్పండి.