ఐటీఐ పాసయ్యాను, ఇళ్ల వైరింగ్‌కు వేరే లైసెన్సు కావాలా?

ప్రశ్న: మాది ప్రొద్దుటూరు. ఎలక్ట్రీషియన్ ట్రేడులో రెండేళ్ల ఐటీఐ పూర్తి చేసి, ఆరేళ్లు మా మామ దగ్గర పనిచేసి, ఇప్పుడు ఇళ్ల వైరింగ్ సొంతంగా ఒప్పుకుంటున్నాను. కొత్త మీటరుకు దరఖాస్తు పెట్టేటప్పుడు, లైసెన్సున్న ఒక కాంట్రాక్టరు ఇల్లు చూడకుండానే డబ్బు తీసుకుని వైరింగ్ పూర్తయినట్లు సంతకం చేసి ఇస్తున్నారు. ఇది తప్పవుతుందా? – ఒక పాఠకుడు

జవాబు: తప్పే అవుతుంది. ఐటీఐ సర్టిఫికెట్ మీ చదువుకు రుజువు. పని చేయడానికి అనుమతి వేరు. విద్యుత్ చట్టం, 2003 కింద కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ చేసిన భద్రతా నిబంధనల ప్రకారం, వినియోగదారుని ఇంట్లో కొత్త వైరింగ్ గానీ, ఉన్నదానిలో మార్పులు, మరమ్మతులు గానీ రాష్ట్ర ప్రభుత్వ లైసెన్సు పొందిన కాంట్రాక్టరే చేపట్టాలి. అదీ యోగ్యతా పత్రమున్న సూపర్‌వైజరు దగ్గరుండి చూస్తుండగా, పర్మిట్ ఉన్న వైర్‌మన్ చేతుల మీదుగా జరగాలి. 250 వోల్టులకు మించని బల్బు, ఫ్యాను, ఫ్యూజు, స్విచ్చి వంటివి పాతది తీసి కొత్తది బిగించడానికి మాత్రం మినహాయింపు ఉంది. 1956 నాటి భారత విద్యుత్ నియమాల్లో 45వ నియమం కూడా ఇదే చెప్పింది కనుక, ఇది నిన్న మొన్న పెట్టిన ఆంక్ష కాదు.

ఇక ఆ సంతకం సంగతి. త్రీ పిన్ సాకెట్‌లో ఎర్త్ వైరు లాగకుండా, న్యూట్రల్ నుంచే చిన్న ముక్క తెచ్చి ఎర్త్ పిన్నుకు కలిపేసే అలవాటు మీకు తెలియనిది కాదు. ఎక్కడైనా న్యూట్రల్ తెగిన రోజున ఫ్రిజ్ ఒంటికంతా కరెంటు వస్తుంది, తడి చేత్తో తలుపు తీసే ఇల్లాలు బలైపోతుంది. ప్లేటు విప్పి చూసినవారికే ఆ ముక్క కనిపిస్తుంది. మెగ్గర్ (వైర్ల ఇన్సులేషన్‌ను పరీక్షించే పరికరం) పెట్టకుండా, ప్లేటు విప్పకుండా చేసిన సంతకం అబద్ధపు ధ్రువీకరణే; దానివల్ల ఆ కాంట్రాక్టరు లైసెన్సుకే ముప్పు.

ప్రాణం పోతే విద్యుత్ చట్టంలోని 161వ సెక్షన్ కింద విద్యుత్ ఇన్‌స్పెక్టరు విచారణ జరగవచ్చు. నిర్లక్ష్యం వల్ల మరణం సంభవించిందని రుజువైతే, భారతీయ న్యాయ సంహితలోని 106వ సెక్షన్ ప్రకారం 5 సంవత్సరాల వరకు జైలుశిక్ష పడవచ్చు; పాత శిక్షాస్మృతిలో ఇది 2 సంవత్సరాలే. అప్పుడు ‘సంతకం ఆయనది’ అని మీరు, ‘పని ఇతనిది’ అని ఆయన చెప్పుకున్నా ఇద్దరికీ కేసు తప్పకపోవచ్చు. ఇంటి యజమాని కూలి ఎగ్గొట్టినా మీకు చిక్కే: చట్టం నిషేధించిన పనికి చేసుకున్న ఒప్పందం కాంట్రాక్టు చట్టం 23వ సెక్షన్ కింద చెల్లదని అవతలి లాయరు వాదిస్తారు.

మీరు చేయవలసినది కష్టమైనదేమీ కాదు. ఐటీఐ సర్టిఫికెట్‌తో రాష్ట్ర ఎలక్ట్రికల్ లైసెన్సింగ్ బోర్డుకు వైర్‌మన్ పర్మిట్ కోసం దరఖాస్తు చేయండి. పర్మిట్ వచ్చినా అది పని చేయడానికే గానీ సొంతంగా కాంట్రాక్టు ఒప్పుకోవడానికి కాదు కాబట్టి, లైసెన్సున్న కాంట్రాక్టరు కింద చేరి, గోడల్లో పైపులు పూడ్చకముందు ఒకసారి, బోర్డులు మూయకముందు ఒకసారి ఆయన సూపర్‌వైజరును పిలిపించి చూపించండి. ఇప్పటికే మీరు పూర్తి చేసిన ఇళ్లలో, ఖర్చు మీదైనా సరే, బోర్డులు విప్పించి ఎర్తింగును మళ్లీ పరీక్ష చేయించండి.