నోటీసుల కంటే ముందు యూనియన్‌తో కూర్చో

చి. మాధవికి, పెదనాన్న ఆశీస్సులు.

నీ మెయిల్ చదివాను. బ్రిటన్‌లోని మీ ప్లాంటులో 40 మందిని తగ్గించాలని హైదరాబాద్ హెడ్ ఆఫీసు అనుకుంటోందనీ, "నెలాఖరుకల్లా లెటర్లు ఇచ్చేయండి, యూనియన్‌కి ఆ రోజు చెబితే చాలు" అని డైరెక్టర్ గారు అన్నారనీ రాశావు. అలా జరగనివ్వకు. ఆయన చెడ్డవాడని కాదు, ఆయనకు అలవాటైన పద్ధతి వేరు. మన దేశంలో పెద్ద ఫ్యాక్టరీ మనుషుల్ని తీసేయాలంటే ప్రభుత్వం అనుమతి కావాలి. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టంలో ఆ పరిమితి 100 మంది కార్మికులు, దాని స్థానంలో వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌లో 300. బ్రిటన్‌లో అనుమతి గొడవే లేదని తెలిసేసరికి ఇక అడ్డేముంది అనిపిస్తుంది. అక్కడ ప్రభుత్వాన్ని అడగక్కర్లేదు, నిజమే. యూనియన్‌తో మాట్లాడాలి. అదీ నిర్ణయం అయిపోయాక కాదు, ఇంకా ఆలోచనగా ఉన్నప్పుడే.

1992 నాటి బ్రిటన్ ట్రేడ్ యూనియన్ చట్టం 188వ సెక్షన్ దగ్గర పెట్టుకో. ఒకేచోట 90 రోజుల్లోపు 20 మందిని, అంతకు మించి తీసేసే ప్రతిపాదన ఉంటే సంప్రదింపులు తప్పవు. 100 లోపైతే మొదటి ఉద్యోగం పోయే రోజుకి కనీసం 30 రోజుల ముందు మొదలుపెట్టాలి, 100, ఆపైన అయితే 45. తమంతట తామే వెళ్తామన్నవాళ్లూ లెక్కలోకే వస్తారు. కాబట్టి "22 మంది వాళ్లే వెళ్తున్నారు, మిగిలింది 18 మందే కదా" లాంటి తెలివితేటలు పనికిరావు. 30 అన్నది కనీసం మాత్రమే. మాటలు తెమలకుండా 31వ రోజు పొద్దున్నే నోటీసులు పంచితే కుదరదు. మీ దగ్గర గుర్తింపు పొందిన యూనియన్ ఉంది కాబట్టి వాళ్ల పరిధిలోని పనివాళ్ల గురించి వాళ్లతోనే మాట్లాడాలి, నీకు అనుకూలంగా ఉండే నలుగురిని పిలిచి కాదు.

ముందు వాళ్లకి రాతపూర్వకంగా ఉత్తరం ఇవ్వాలి. కారణం ఏమిటి, ఏ పనుల్లో ఎంతమంది, ఆ పనుల్లో మొత్తం ఎంతమంది ఉన్నారు, ఎవరిని ఎలా ఎంచుతారు, ఎప్పటికి పూర్తి చేస్తారు, పోయేవాళ్లకిచ్చే డబ్బు ఎలా లెక్కగడతారు. బయటి ఏజెన్సీ ద్వారా వచ్చిన వర్కర్లు ఎంతమంది, ఎక్కడ, ఏం పని చేస్తున్నారో కూడా చెప్పాలి. చాలామంది ఈ చివరిది ఏదో లాంఛనమనుకుని ఒక లైను రాసి వదిలేస్తారు. అసలు కథంతా అక్కడే ఉంటుంది. నేను పర్సనల్ మేనేజర్‌గా ఉన్న ఫ్యాక్టరీలో ఒకసారి యూనియన్ ప్రతినిధి మీటింగ్‌కి రాత్రి షిఫ్ట్ రోస్టర్, ఓవర్‌టైమ్ షీట్లు పట్టుకొచ్చాడు. ప్యాకింగ్‌లో ఏజెన్సీ వాళ్ల పేర్ల కింద పెన్సిల్‌తో గీతలు గీసి, "వీళ్లని ఉంచి మావాళ్లని ఎందుకు పంపుతున్నారు?" అని అడిగాడు. జవాబు ఎవరి దగ్గరా లేదు. ఏజెన్సీ కాంట్రాక్టు తగ్గించి, ఓవర్‌టైమ్ ఆపాక మేం అనుకున్న సంఖ్య సగానికి సగం పడిపోయింది. ఫ్లోర్ మీద ఏం జరుగుతోందో ఆయనకి తెలిసినంత మా ఫైనాన్స్ వాళ్లకి తెలియదు మరి.

కారణం దగ్గర నిజమే రాయి. నార్తంబర్లాండ్‌లో ఎలింగ్టన్ బొగ్గు గని మూసేటప్పుడు యూకే కోల్ సంస్థ నీళ్లొచ్చాయి, భద్రత అని చెప్పింది, అసలు కారణం డబ్బేనని తర్వాత తేలింది. మూసివేతే ఉద్యోగాలు పోవడానికి దారి తీస్తుంటే, ఎందుకు మూస్తున్నారన్నదీ చర్చించాల్సిందేనని 2007లో ఉద్యోగ వివాదాల అప్పీల్ ట్రిబ్యునల్ చెప్పింది.

డైరెక్టర్ గారు "వాళ్లు ఎలాగూ ఒప్పుకోరు" అంటారు. 2022 మార్చిలో పీ అండ్ ఓ ఫెర్రీస్ అనే ఓడల కంపెనీ దాదాపు 800 మంది నావికుల్ని ముందే రికార్డు చేసిన వీడియోతో ఉద్యోగాల్లోంచి పంపేసింది. సంప్రదించాల్సిన బాధ్యత ఉందని తెలిసే మానేశామనీ, ఏ యూనియనూ ఒప్పుకోదనీ ఆ సీఈఓ పార్లమెంటు కమిటీ ముందే చెప్పాడు. దేశమంతా దుమ్మెత్తిపోసింది. నిజానికి యూనియన్ ఒప్పుకుని తీరాలని చట్టం అనలేదు. ఒప్పందం కుదరాలన్న ఉద్దేశంతో మాట్లాడమంది, అంతే. తొలగింపులు తప్పించగలమా, తగ్గించగలమా, పోయేవాళ్లకి దెబ్బ తగ్గించగలమా అన్నవి మనస్ఫూర్తిగా చర్చించి, చివరికి కాదనే హక్కు కంపెనీకి ఉంటుంది.

"హెడ్ ఆఫీసు నుంచి లెక్కలు రాలేదు" అన్న సాకు చెల్లదని 188వ సెక్షన్‌లోనే రాసి ఉంది. మీలాంటి కంపెనీలకి ఇది బాగా గుర్తుండాలి. సంప్రదింపులు ఎగ్గొడితే ట్రిబ్యునల్ ఒక్కొక్కరికి 90 రోజుల జీతం దాకా వేసేది, 2025 చట్టం ఆ గరిష్ఠాన్ని 180కి పెంచింది. ఉద్యోగం పోయినందుకు ఇచ్చే రిడండెన్సీ డబ్బుకి ఇది అదనం. 40 మందికి గుణించి ఆయనకి పంపు, సెక్షన్ల కంటే ఆ అంకె తొందరగా అర్థమవుతుంది. తొలగింపుల ప్రతిపాదన గురించి ప్రభుత్వానికి తెలిపే హెచ్‌ఆర్1 ఫారం వేళకి పంపకపోతే నేరం కూడా. దాని కాపీ యూనియన్‌కీ ఇవ్వు.

ఇప్పటి నుంచి మెయిళ్లలో "తొలగిస్తున్నాం" అని ఎవరినీ రాయనివ్వకు. "ప్రతిపాదిస్తున్నాం" అనాలి, ఆ మాట నిజం కూడా కావాలి. ట్రిబ్యునల్లో ఆ మెయిళ్లే బయటికొస్తాయి.

వీసా మీద ఉన్నవాళ్ల సంగతి ఎవరూ ఎత్తరు, నువ్వే ఎత్తు. మన పిల్లలూ ఉన్నారు కదా అక్కడ. ఉద్యోగం పోయాక మామూలుగా 60 రోజుల్లో వీసాకి స్పాన్సర్ చేసే కొత్త కంపెనీని వెతుక్కోవాలి, లేదంటే సామాను సర్దుకోవాలి. వాళ్ల నోటీసు కాలం పొడిగించడం గురించి యూనియన్‌తో తొలి మీటింగ్‌లోనే మాట్లాడు. యూనియన్‌కిచ్చే ఉత్తరం చిత్తుప్రతి నాకు పంపు, చూసి పెడతాను.

పెదనాన్న