ఒబామా గెలిచాక అమెరికాలో జాతి వివక్ష పోయినట్టేనా? రిచ్‌మండ్‌లో నేను విన్న వాదన

మీరు అడిగింది ఇది: "నల్లజాతి మనిషిని రెండుసార్లు అధ్యక్షుడిగా ఎన్నుకున్న దేశంలో ఇంకా జాతి వివక్ష ఉందనడం అన్యాయం అని మా అన్నయ్య అంటున్నాడు. అక్కడ ఉండి చూసినవాళ్లు ఏమంటారు?"

2008 ఎన్నికలప్పుడు నేను వర్జీనియా రాజధాని రిచ్‌మండ్‌లో హెచ్‌1బి వీసా మీద పనిచేస్తున్నాను. నాకు ఓటు లేదు. కానీ మీ అన్నయ్య చేస్తున్న ఈ వాదన పుట్టడం, పెరగడం, చివరికి సుప్రీంకోర్టు తీర్పుదాకా వెళ్లడం అక్కడే ఉండి చూశాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఒబామా గెలుపు చాలా పెద్ద విషయం. దాన్ని ఉత్త షో అని కొట్టిపారేసేవాళ్లతో నేను ఏకీభవించను. అయితే ఆ గెలుపు చూపించి "వివక్ష అయిపోయింది" అనేవాళ్లు అక్కడితో ఆగరు. ఆ వెంటనే "కాబట్టి ఈ చట్టాలూ రక్షణలూ ఇక అక్కర్లేదు" అంటారు. అసలు గొడవంతా ఈ రెండో మాట దగ్గరే.

రిచ్‌మండ్ గురించి తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. బానిసత్వాన్ని నిలుపుకోవడం కోసం అమెరికా నుంచి విడిపోయి యుద్ధం చేసిన దక్షిణాది రాష్ట్రాలకు ఈ ఊరే రాజధాని. నేను ఉన్నప్పుడు మాన్యుమెంట్ అవెన్యూ మీద ఆ సైన్యాన్ని నడిపిన జనరల్ లీ గుర్రం మీద కూర్చున్న విగ్రహం ఎత్తయిన దిమ్మె మీద ఉండేది. 1890లో పెట్టిన ఆ విగ్రహాన్ని 2021లో గానీ తీయలేదు. అలాంటి రాష్ట్రం 1964 తర్వాత మొదటిసారి డెమోక్రాట్ అభ్యర్థిని గెలిపించింది, ఆ అభ్యర్థి పేరు బరాక్ ఒబామా. కాబట్టి నవంబర్ 4 రాత్రి అక్కడి జనం ఎంత ఉద్వేగపడ్డారో మాటల్లో చెప్పడం కష్టం. ఒబామా విజయోత్సవ సభ జరిగిన షికాగో గ్రాంట్ పార్కులో నల్లజాతి నాయకుడు జెస్సీ జాక్సన్ చెంపల మీద కన్నీళ్లు టీవీలో చూసి ఉంటారు. ఓడిపోయిన రిపబ్లికన్ అభ్యర్థి మెకెయిన్ కూడా ఫీనిక్స్‌లో హుందాగా మాట్లాడారు, ఈ గెలుపు నల్లజాతి వారికి ఎంత గర్వకారణమో తనకు అర్థమవుతోందన్నారు.

మర్నాడు ఆఫీసులో మా టీమ్‌లోని ఒక తెల్లాయన, ఆయన మెకెయిన్‌కే ఓటేశారు, కాఫీ మెషీన్ దగ్గర అందరితో అన్నారు: "నేను ఓడిపోయినా ఒక విషయానికి సంతోషంగా ఉంది. ఇక ఈ దేశాన్ని జాతి వివక్ష దేశం అని ఎవరూ అనలేరు." మంచి మనిషి. నాకు కారు కొనడంలో సాయం చేసిన మనిషి. ఆయన ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నారు. దేశమంతా అలాంటి మాటలే వినిపించాయి ఆ వారం. వాల్ స్ట్రీట్ జర్నల్ సంపాదకీయమైతే, ఈ దేశంలో పైకి రావడానికి జాతి వివక్ష అడ్డు అనే అపోహకు ఇకనైనా స్వస్తి చెప్పవచ్చేమో అని రాసింది. గాలప్ సర్వేలో మూడింట రెండొంతుల మంది, నల్లవారికీ తెల్లవారికీ మధ్య సమస్య ఎప్పటికైనా పరిష్కారమవుతుందని నమ్ముతున్నామన్నారు.

పక్కనే నల్లజాతి ఆవిడ ఒకరు ఉన్నారు, పేరోల్ సెక్షన్. రాత్రంతా ఏడ్చినట్టు కళ్లు ఉబ్బి ఉన్నాయి. ఆవిడ ఆ రోజు ఏమీ అనలేదు. కొన్ని వారాల తర్వాత లంచ్ టేబుల్ దగ్గర అదే ప్రస్తావన మళ్లీ వచ్చినప్పుడు చెప్పారు.

ఆవిడది ప్రిన్స్ ఎడ్వర్డ్ కౌంటీ, రిచ్‌మండ్ నుంచి కారులో గంట పైన. 1951లో అక్కడి ఫామ్‌విల్ ఊళ్లో బార్బరా జాన్స్ అనే పదహారేళ్ల నల్లజాతి అమ్మాయి, తారుకాగితం కప్పిన షెడ్లలో మేం చదవం అని స్కూలు పిల్లలందరినీ బయటికి నడిపించింది. ఆ కేసు కూడా కలిసే 1954లో స్కూళ్లలో నల్ల, తెల్ల పిల్లల్ని విడదీయడం చెల్లదన్న ప్రసిద్ధమైన సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. తీర్పు అమలు చేయక తప్పదని తేలాక 1959లో ఆ కౌంటీ ఏం చేసిందో తెలుసా? పిల్లల్ని కలిపి కూర్చోబెట్టడం ఇష్టం లేక మొత్తం ప్రభుత్వ స్కూళ్లనే మూసేసింది. తెల్ల పిల్లల కోసం ప్రైవేటు అకాడమీ లేచింది. దాని ఫీజులకు కొంతకాలం ప్రభుత్వ సొమ్ము కూడా అందింది. నల్ల పిల్లలకు నాలుగేళ్ల దాకా స్కూలే లేదు. సుప్రీంకోర్టు మళ్లీ కలగజేసుకుని 1964లో తెరిపించేదాకా అయిదేళ్లు ప్రభుత్వ స్కూళ్లు మూతే.

స్కూలు మూసేనాటికి ఆవిడకు అయిదేళ్లు, వాళ్ల అన్నకు ఎనిమిది. ఆవిణ్ణి రిచ్‌మండ్‌లో పిన్ని ఇంటికి పంపారు కాబట్టి చదువుకున్నారు. ఇద్దరినీ పెట్టుకునే స్తోమత ఆ పిన్నికి లేదు. అన్న ఇంటి దగ్గరే ఉండి పొగాకు చేలల్లో పనికి వెళ్లాడు. మళ్లీ బడి తెరిచేసరికి పదమూడేళ్లు, చిన్నపిల్లల మధ్య కూర్చోలేక కొన్ని నెలల్లోనే మానేశాడు. 2004లో వర్జీనియా ప్రభుత్వం అలా చదువు పోయినవాళ్ల కోసం ఒక స్కాలర్‌షిప్ పెట్టింది. ఆ దరఖాస్తు అన్న తరఫున ఆవిడే నింపారట. "చివరగా పూర్తి చేసిన తరగతి అని రాయాల్సిన చోట రెండు అని రాశాను. యాభై దాటిన మనిషి. కాగితం నా చేతిలోంచి తీసుకుని, ఏం రాశావో చదివి వినిపించు అన్నాడు" అని చెప్పి ఆవిడ టిఫిన్ బాక్స్ మూత పెట్టేశారు. ఆ అన్న కూడా నవంబర్ 4న లైన్లో నిలబడి ఒబామాకు ఓటేశాడు. "వాడికి ఆ రోజు పండగే. కానీ మా కథ ముగిసిందని మీరు ప్రకటిస్తే ఎలా?" అన్నారావిడ, మెకెయిన్‌కు ఓటేసిన ఆ తెల్లాయన వైపు చూస్తూ.

ఆయన రిచ్‌మండ్ పక్కనే పుట్టి పెరిగినవారు. ఈ సంగతి స్కూల్లో ఎవరూ చెప్పలేదన్నారు. కాసేపు ఆగి, "నిజమే, కానీ అది అప్పటి మాట. మా అమ్మాయి కాలేజీలో చదువుతోంది, దానికి ఒబామా రంగు ఒక విషయమే కాదు" అన్నారు. "అదీ నిజమే" అన్నారావిడ. ఇద్దరూ మంచి స్నేహితులుగానే ఉన్నారు. అలాగని ఆయన అభిప్రాయమేమీ మారలేదు. అయిదేళ్ల తర్వాత సుప్రీంకోర్టు తీర్పు వచ్చినప్పుడు కోర్టే కరెక్ట్ అన్నారు. దాని గురించి కింద చెబుతాను.

బయట కూడా ఇదే గొడవ నడిచింది. 2009 జులైలో హార్వర్డ్‌లో నల్లజాతి ప్రొఫెసర్ హెన్రీ లూయిస్ గేట్స్‌ను తన ఇంట్లోనే పోలీసులు అరెస్టు చేశారు. పోలీసులు తెలివితక్కువగా ప్రవర్తించారని ఒబామా అనగానే పెద్ద రచ్చ అయింది. చివరికి ప్రొఫెసర్‌నీ ఆ పోలీసు అధికారినీ వైట్‌హౌస్‌కు పిలిచి బీరు తాగించి సర్దిచెప్పాల్సి వచ్చింది. ఆ సెప్టెంబర్‌లో మాజీ అధ్యక్షుడు జిమ్మీ కార్టర్, ఒబామా మీద కనిపిస్తున్న తీవ్రమైన ద్వేషంలో ఎక్కువ భాగం రంగు వల్లనే అన్నారు. వైట్‌హౌస్ మాత్రం మేం అలా అనుకోవడం లేదంది. ఇదే విషయం ఒక టీవీ షోలో అడిగితే ఒబామా, ఎన్నికలకు ముందు కూడా నేను నల్లవాడినేనని గుర్తుంచుకోవాలి అన్నారు. ఆ తర్వాత ఆయన ఈ దేశంలో పుట్టలేదన్న ప్రచారం. అధ్యక్షుడై రెండేళ్లు దాటాక, 2011 ఏప్రిల్‌లో, తన పూర్తి జనన ధ్రువపత్రం బయటపెట్టాల్సి వచ్చింది. అంతకు ముందు ఏ అధ్యక్షుణ్ణి అలా అడిగారు?

అంకెలు కూడా చూడండి. 2008 ఎగ్జిట్ పోల్స్ ప్రకారం తెల్లవారిలో ఒబామాకు పడింది 43 శాతం. దక్షిణాది రాష్ట్రమైన అలబామాలో 10 శాతం. అంటే దేశం మొత్తం ఒక్కతీరుగా మారలేదు. మారినచోట చాలా మారింది, మారనిచోట దాదాపు అలాగే ఉంది. డెమోక్రాట్లకు దక్షిణాది తెల్లవారి ఓట్లు అంతకుముందు నుంచే తగ్గుతూ వచ్చాయి కాబట్టి అంతా రంగు వల్లే అని నేను అనను. కానీ ఒక్క గెలుపు చూసి దేశమంతటికీ ఒకే తీర్పు ఇవ్వలేం.

ఆ అలబామాలోని షెల్బీ కౌంటీయే 1965 నాటి ఓటింగ్ హక్కుల చట్టం మీద కోర్టుకెళ్లింది. నల్లవారిని ఓటుకు దూరంగా ఉంచిన చరిత్ర ఉన్న ప్రాంతాలు ఎన్నికల నిబంధనలు మార్చాలంటే ముందుగా కేంద్రం అనుమతి తీసుకోవాలని ఆ చట్టం చెప్పేది. వర్జీనియాలో చాలా భాగం కూడా అప్పట్లో ఆ జాబితాలోదే. 2013 జూన్ 25న సుప్రీంకోర్టు 5–4 తేడాతో, ఏ ప్రాంతాలకు అనుమతి కావాలో తేల్చే సూత్రాన్ని కొట్టేసింది. దేశం మారింది, 1965లో ఓటు హక్కు కోసం నడిచిన నల్లవారిని పోలీసులు చితకబాదిన సెల్మా లాంటి ఊళ్లకు ఇప్పుడు నల్లజాతి మేయర్లున్నారు అని ప్రధాన న్యాయమూర్తి రాబర్ట్స్ రాశారు. వానలో తడవడం లేదు కదా అని గొడుగు పారేసినట్టుంది అని జస్టిస్ గిన్స్‌బర్గ్ తన అసమ్మతి తీర్పులో రాశారు. తీర్పు వచ్చిన గంటల్లోనే టెక్సాస్, అప్పటిదాకా ఆగిపోయిన తన ఓటరు ఐడీ చట్టాన్ని అమలు చేస్తామని ప్రకటించింది.

మనవాళ్ల సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే మీ అన్నయ్య వాదన నేను విన్నది తెల్లవాళ్ల దగ్గరే కాదు, తెలుగువాళ్ల దీపావళి పాట్‌లక్‌ విందులో కూడా. "మనం రెండు సూట్‌కేసులతో వచ్చి ఇళ్లు కొనుక్కోలేదా? ఈ నల్లవాళ్లకేం రోగం?" అన్నారు మా ఊరి వైపు ఆయన ఒకరు. నేను అన్నాను: "అన్నా, మీరు వరంగల్ ఆర్‌ఈసీలో ప్రభుత్వ ఫీజుతో ఇంజినీరింగ్ చదివి, వాళ్లే ఏరి తీసుకుంటే వచ్చారు. ఇక్కడివాళ్లు ఎవరూ అలా ఏరి తెచ్చుకున్నవాళ్లు కాదు." 1923లో అమెరికా సుప్రీంకోర్టు భగత్ సింగ్ థిండ్ కేసులో భారతీయులు తెల్లవారు కారు కాబట్టి పౌరసత్వానికి పనికిరారంది. 1946 తర్వాత కూడా మన దేశం మొత్తానికి కోటా ఏడాదికి వంద మంది. ఆ కోటాలు పోయింది 1965లో. అదే ఏడాది ఆగస్టులో ఓటింగ్ హక్కుల చట్టం, అక్టోబర్‌లో వలస చట్టం. నల్లవాళ్లు దెబ్బలు తిని, జైళ్లకెళ్లి చేసిన ఉద్యమం వల్లే, మనిషిని పుట్టుక చూసి ఆపడం తప్పు అనే ఆలోచన ఆ దేశపు చట్టాల్లోకి వచ్చింది. మనవాళ్లు ఇది తెలుసుకోకుండా మాట్లాడితే నాకు బాధేస్తుంది.

ఆస్తుల సంగతికొస్తే, రిచ్‌మండ్‌లో ఐ-95 హైవే జాక్సన్ వార్డ్ అనే నల్లవారి పేట మధ్యలోంచి పోతుంది. ఒకప్పుడు బ్యాంకులు, థియేటర్లు, వ్యాపారాలతో కళకళలాడిన పేట. 1950లలో రోడ్డు కోసం దాన్ని రెండు ముక్కలు చేశారు. అంతకు ముందు నుంచే అలాంటి పేటల్లో ఇంటి అప్పులు దొరికేవి కావు. ఇల్లు లేకపోతే పిల్లలకు మిగిల్చేదేముంటుంది? ఫెడరల్ రిజర్వ్ 2022 సర్వేలో మధ్యస్థ (అంటే ఆస్తి వరసలో సరిగ్గా మధ్యలో ఉన్న) తెల్లజాతి కుటుంబం ఆస్తి 2,85,000 డాలర్లు, నల్లజాతి కుటుంబానిది 44,900. ఒబామా ఎనిమిదేళ్లు పాలించి దిగిపోయాక కూడా తేడా ఆరింతలు.

ఇది మనకు అర్థం కాని విషయమేమీ కాదు. కులం, జాతి ఒకటే అనను. కానీ దేశంలోనే మొదటి దళిత ముఖ్యమంత్రి దామోదరం సంజీవయ్య 1960లో మన రాష్ట్రంలోనే అయ్యారు. 1985లో కారంచేడు, 1991లో చుండూరు దళితుల ఊచకోతలు కూడా మన రాష్ట్రంలోనే జరిగాయి. ఇటీవలి మాట కావాలంటే, 2024 ఎన్నికల్లో జె.డి. వాన్స్ ఉపాధ్యక్షుడిగా గెలిస్తే ఆయన భార్య ఉష తెలుగింటి పిల్ల అని గోదావరి జిల్లాలో పూజలు చేశారు. ఆ డిసెంబర్‌లోనే హెచ్‌1బి గొడవలో భారతీయులను ఆన్‌లైన్‌లో ఎన్నెన్ని బూతులు తిట్టారో మీరూ చూసే ఉంటారు.

మీ అన్నయ్యతో ఒబామా గొప్పవాడా కాదా అనే వాదనలోకి దిగకండి. వివక్ష పోయింది కాబట్టి ఏ చట్టం తీసేయాలి, తీసేస్తే ఏమవుతుంది అని అడగండి. జవాబు కోసం నార్త్ కరోలినా చూపించండి. 2008లో ఒబామాను గెలిపించిన రాష్ట్రమే అది. 2013 తీర్పు రాగానే అక్కడి శాసనసభ, ఏ జాతి వాళ్లు ఏ పద్ధతిలో ఓటేస్తున్నారో లెక్కలు తెప్పించుకుని, నల్లవారు ఎక్కువగా వాడుకునే పద్ధతుల మీదే వేటు వేసింది: ముందస్తు ఓటింగ్‌లో వారం కోత, అదే రోజు నమోదై ఓటేసే వీలు రద్దు, కొన్ని రకాల ఐడీలే చెల్లుతాయన్న నిబంధన. ఈ చట్టం శస్త్రచికిత్స చేసినంత కచ్చితంగా నల్లజాతి ఓటర్లనే గురిపెట్టిందని చెప్పి 2016 జులైలో అప్పీలు కోర్టు కొట్టేసింది. ఆ కోర్టు ఉన్నది రిచ్‌మండ్‌లోనే. ఆ చట్టం చేసిన రోజునా, కొట్టేసిన రోజునా దేశాధ్యక్షుడు ఒబామాయే.