నాలుగు చోట్ల ఎందుకు ఒప్పుకున్నావే?

కోడలు పిల్లా,

ఈ చలికాలం నువ్వు వాలంటీర్‌గా పని చేయబోతున్నావని మీ నాన్న నిన్న రాత్రి ఫోన్‌లో చెప్పాడు. వాడు మురిసిపోతున్నాడు. నాకూ గర్వంగానే ఉంది. కానీ వారానికి నాలుగు చోట్ల ఒప్పుకున్నావని వినగానే గుండె జారింది. పోయిన చలికాలం దిగులుతో మధ్యాహ్నం పన్నెండైనా దుప్పటి తీయని పిల్లవి, నాలుగు చోట్లకి మాట ఎలా ఇచ్చావే?

తేలికవి ముందు చెప్పేస్తాను. ఇంటికి దగ్గరలో పని చూసుకో. జారని బూట్లు వేసుకో. ఎక్కడికెళ్తున్నావో ఇంట్లో చెప్పి వెళ్ళు. పగటిపూట పనే అడుగు.

పగటిపూట అని ఊరికే అనలేదు. చలికాలంలో వచ్చి ఎండలతో పోయే ఈ దిగులుని 1984లో నార్మన్ రోసెంతాల్ అనే డాక్టరు, ఆయనతో పనిచేసినవాళ్ళు ఒక జబ్బుగా గుర్తించి రాశారు. అంతకుముందు నాలాంటివాళ్ళని బద్ధకస్తులనేవాళ్ళు. తర్వాతా అన్నారనుకో! వెలుతురు తగ్గి ఒంట్లో గడియారం తప్పడం దీనికి ఒక కారణమంటారు. వెలుతురుని లక్స్‌లలో కొలుస్తారు. ఇంట్లో లైట్లన్నీ వేసినా మామూలుగా ఐదొందల లక్స్ దాటదు. మబ్బు పట్టిన మధ్యాహ్నం కూడా బయట వెయ్యికి పైనే ఉంటుంది. కాబట్టి గదిలో కూర్చుని పెట్టెలు సర్దే పని కన్నా, నడిచి వెళ్ళి ఇళ్ళకి సరుకులు అందించే పని నీకు నయం.

ఇక నా సంగతి. ఇది మీ నాన్నకి కూడా తెలియదు.

ముప్పై ఏళ్ళ వయసులో నాకూ నీలాగే ఉండేది. నలుగురిలో పడితే తగ్గుతుందని ఎవరో చెబితే వాలంటీర్‌గా వెళ్ళాను. నిజంగానే మొదటి రెండు వారాలు తేలిపోయాను. ఆ ఊపులో అడిగినవాళ్ళందరికీ సరే అన్నాను. అందులో ఒకటి, చూపు మందగించిన ఒక పెద్దావిడకి శనివారం శనివారం ఉత్తరాలు చదివిపెట్టడం. ఆవిడ నా కోసం లైటు కింద కుర్చీ వేసి ఉంచేది. తిరిగొచ్చేటప్పుడు 'మెట్టు చూసుకో' అనేది, చూపు తగ్గింది నాకైనట్టు.

నెల తిరిగేసరికి నా ఒళ్ళు మొరాయించింది. ఒక శనివారం వెళ్ళలేదు. రెండో వారం, ఎందుకు రాలేదని అడుగుతుందేమోనని సిగ్గేసి వెళ్ళలేదు. మూడో వారం రెండిటికీ సంజాయిషీ చెప్పుకోవాలాయె. వడ్డీ పెరిగినట్టు పెరిగిందమ్మా ఆ సిగ్గు. ఫోన్ చేస్తే రెండు నిమిషాల పని. చేయలేదు.

ఐదో వారం వెళ్ళాను. కుర్చీ అక్కడే ఉంది. దాని మీద విప్పని కవర్లు, వచ్చిన వరుసలో పేర్చి, ఎగిరిపోకుండా పైన కళ్ళజోడు పెట్టి ఉన్నాయి. 'నువ్వొస్తావని ఇంకెవరినీ చదవమనలేదు' అంది. నాలుగో కవర్లో ఆవిడ కంటి ఆపరేషన్‌కి ఇచ్చిన తేదీ ఉంది. అది దాటి అప్పటికే తొమ్మిది రోజులు. ఆ కాగితాన్ని పైకి చదవాల్సింది నేనే. చదివాను. ఆవిడ కాసేపు ఊరుకుని, 'నీకు ఒంట్లో బాగుంటోందా?' అని అడిగింది. తిట్టి ఉంటే ఈపాటికి మర్చిపోయేదాన్నేమో.

మళ్ళీ తేదీ దొరకడానికి నాలుగు నెలలు పట్టింది. ఆ నాలుగు నెలల్లో చెప్పకుండా ఒక్క శనివారం మానలేదు.

అందుకే ఇవాళే మూడు చోట్లకి ఫోన్ చేసి కుదరదని చెప్పెయ్. మొదలుపెట్టకముందు చెబితే ఎవరూ ఏమీ అనుకోరు. మిగిలిన ఒక్కచోట వారానికి రెండు గంటలు చాలు. నేను రాలేకపోతే ఎవరికి చెప్పాలి, నా బదులు ఎవరు వెళ్తారు అని మొదటిరోజే అడుగు. దానికి జవాబు లేకపోతే ఆ పని నీకొద్దు. వెళ్ళబుద్ధి కానంత మాత్రాన మానకు, పావుగంటే ఉంటానని చెప్పి వెళ్ళు. మనసు బాగుపడ్డాక కదులుదామంటే చలికాలం కాస్తా అయిపోతుంది.

పెద్దవాళ్ళ ఇళ్ళకి వెళ్తే ముందు గది వెచ్చగా ఉందో లేదో చూడు. మాట ముద్దగా వస్తున్నా, అయోమయంగా ఉన్నా నిద్రమత్తు అనుకోకు. చలికి ఒంటి వేడి 35 డిగ్రీల సెల్సియస్ కన్నా కిందికి పడిపోతే అలా అవుతుంది, ప్రాణం మీదికొస్తుంది, వెంటనే అంబులెన్స్‌కి ఫోన్ చెయ్. నీ విషయానికొస్తే, దిగులు రెండు వారాలైనా వదలకపోతే డాక్టర్ దగ్గరికి పద. బతకాలనిపించడం లేదన్న ఆలోచన వస్తే మాత్రం అదే రోజు, అదే గంటలో ఎవరికైనా చెప్పాలి. ఊళ్ళోవాళ్ళకి సాయం చేస్తూ నీ మందులు మానేశావని తెలిసిందో, చూడు మరి!

శనివారం పొద్దున పదింటికి ఫోన్ చేస్తాను. బాగోకపోతే 'బాగోలేదత్తా' అని పెట్టెయ్, ఇంకేం అడగను. ఎత్తకుండా మాత్రం ఉండకు.

నీ మేనత్త