జాంబీ ప్లాన్ సరే, ముందు తలుపు కోడ్ మార్చండి

సందేహం: మియాపూర్‌లో నలుగురు స్నేహితులం కలిసి ఉంటున్నాం. ఒకవేళ జాంబీలు వస్తే ఎలా బయటపడాలి, ఏమేం వెంట తీసుకెళ్లాలి అని సరదాగా ఆన్‌లైన్‌లో ఒక షీట్ తయారు చేశాం. చేవెళ్ల మీదుగా వికారాబాద్ వెళ్లాలని ప్లాన్. ఎలక్ట్రిక్ స్కూటర్ మంచిదా, పెట్రోల్ బండా? పవర్‌బ్యాంక్ ఎంతది కొనాలి? షీట్ లింక్ పంపుతున్నాను.

జవాబు: ఇలాంటి ప్లాన్లు నాకు తరచూ వస్తున్నాయి. సరదాగా మొదలుపెట్టినా పనికొచ్చేవే. అమెరికాలో రోగాల నియంత్రణ చూసే ప్రభుత్వ సంస్థ సీడీసీ 2011లో ఈ జాంబీల పేరు చెప్పే నీళ్లు, మందులు, రేడియో సిద్ధంగా ఉంచుకోమని జనానికి చెప్పింది. 2020 అక్టోబరు వరదల్లో మన కాలనీలకు కావాల్సి వచ్చినవీ అవే.

కానీ మీ లింక్ నొక్కగానే నాకు టెన్షన్ మొదలైంది. లాగిన్ కూడా అడగకుండా షీట్ తెరుచుకుంది. మొదట బియ్యం 25 కిలోలు, నీళ్ల క్యాన్లు, టార్చిలైటు. మూడో ట్యాబ్‌లో ఫ్లాట్ నంబరు, స్మార్ట్ లాక్ ఆరంకెల కోడ్, కారు రెండో తాళం షూ ర్యాక్‌లో ఏ అరలో ఉందో ఆ వివరం. దాని కిందే ‘దసరాకు అందరం ఊరికి’ అని తేదీలు! దొంగకు ఇంకేం కావాలి? ఆ గడి చెరిపేస్తే సరిపోదు. లింక్ ఉన్న ఎవరైనా ఎడిట్ చేసేలా పెట్టారు కాబట్టి పాత మార్పులన్నీ దాచి ఉంచే వెర్షన్ హిస్టరీలో పాత కోడ్ అలాగే కనిపిస్తుంది. ఇప్పుడే లేచి తలుపు కోడ్ మార్చండి, తాళం ఇంకోచోట పెట్టండి. ఆ తర్వాత షేరింగ్‌లో మీ నలుగురి మెయిల్ ఐడీలే ఉంచండి. ఆ లింక్ ఇప్పటికి ఎన్ని గ్రూపులు తిరిగిందో మీకే తెలియదు.

పవర్‌బ్యాంక్ 20,000 ఎంఏహెచ్‌ది ఒకటి చాలు. ఆ అంకె లోపలి బ్యాటరీ 3.7 వోల్టుల లెక్కన వేసింది. 5 వోల్టులకు మారి ఫోన్‌కు చేరేసరికి 12, 13 వేలే మిగులుతాయి. ఎండాకాలం కారులో మాత్రం వదిలేయకండి.

ఇక బండి. 2024 జనవరి 2న ట్యాంకర్ డ్రైవర్ల సమ్మెతో మన బంకుల ముందు బారులు తీరారు. చంచల్‌గూడలో ఒకతను గుర్రమెక్కి ఫుడ్ డెలివరీకి వెళ్లాడు. పెట్రోల్ ఉన్నా కరెంటు, జనరేటర్ రెండూ లేకపోతే బంకులో పంపు పనిచేయదు. కాబట్టి ఏ బండైనా పెట్రోల్ గానీ ఛార్జింగ్ గానీ సగం కంటే తగ్గనివ్వకండి.

నా కోపమంతా యాప్‌తో తప్ప స్టార్ట్ కాని స్కూటర్ల మీద. మా సెల్లార్‌లో సిగ్నల్ అందదు. ఒకరోజు యాప్ తనంతట తానే లాగౌట్ అయిపోయి ఓటీపీ అడిగింది. ర్యాంప్ ఎక్కి ఓటీపీ తెచ్చుకుని కిందికి దిగేలోపు గడువు అయిపోయింది. అలా మూడుసార్లు. బండి నా ముందే ఉంది, ఫోన్ నా చేతిలోనే ఉంది, మధ్యలో ఎక్కడో ఉన్న సర్వర్ ఒప్పుకోవాలా? తాళంచెవి ఉన్న బండే కొనండి.

నెట్ లేకపోయినా జీపీఎస్ పనిచేస్తుంది, కానీ దారి చూపే మ్యాప్ ముందే డౌన్‌లోడ్ అయి ఉండాలి. వికారాబాద్ దాకా ఈ రాత్రే దించుకోండి. అదే షీట్‌లో మీ అమ్మగారి బీపీ మాత్రల పేరు, మోతాదు చూశాను. అవి కాగితం మీద రాసి పర్సులో పెట్టుకోండి.