గని దిబ్బల నీటితో పొలం పాడైతే పరిహారం ఎక్కడ అడగాలి?

ప్రశ్న: మాది విజయనగరం జిల్లా చీపురుపల్లి దగ్గర పల్లె. ఎగువనున్న మాంగనీసు గని దిబ్బల మీదుగా వచ్చే నల్లటి వాననీరు గెడ్డలో (వాగులో) కలిసి నా రెండెకరాల పల్లానికి చేరుతోంది. మూడేళ్లుగా వరి దిగుబడి పడిపోయింది. భూసార పరీక్ష పత్రంలో మాంగనీసు ఎక్కువని వచ్చింది. గనివారు ‘ఇక్కడి నేలే అంత’ అంటూ, కొంత సొమ్మిస్తాం, కాగితంపై సంతకం పెట్టమంటున్నారు. కోర్టులో దావా వేయవచ్చా? – ఒక రైతు

జవాబు: ఈ పరిహారం కోసం మీరు వెళ్లవలసింది సివిల్ కోర్టుకు కాదు, పర్యావరణ వివాదాలను విచారించే జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు. జాతీయ హరిత ట్రిబ్యునల్ చట్టం, 2010లోని 29వ సెక్షన్ ఇలాంటి క్లెయిములను సివిల్ కోర్టుల పరిధి నుంచి తప్పించింది. మన రాష్ట్రపు దరఖాస్తులను చెన్నైలోని ఆ ట్రిబ్యునల్ దక్షిణ మండల బెంచి విచారిస్తుంది. 15వ సెక్షన్ కింద పంట నష్టానికి పరిహారమే కాక, నేలను పూర్వస్థితికి తెప్పించే ఉత్తర్వు కూడా కోరవచ్చు. గడువు మాత్రం కారణం మొదటిసారి తలెత్తిన నాటి నుంచి ఐదేళ్లు. ఆలస్యానికి తగిన కారణం చూపితే మరో 60 రోజులు. ఏటా వానలకు కొత్త గడువు మొదలవుతుందన్న ధీమాతో ఉండవద్దు.

కాలుష్యానికి కారకుడే మూల్యం చెల్లించాలన్న సూత్రాన్ని ట్రిబ్యునల్ పాటించాలని 20వ సెక్షన్ చెబుతోంది. రాజస్థాన్‌లోని బిచ్ఛ్‌డీ గ్రామంలో రసాయన వ్యర్థాలు నేలను, బావులను పాడుచేసిన కేసులో 1996లో సుప్రీంకోర్టు, శుద్ధి ఖర్చు కూడా ఆ పరిశ్రమలదేనని తీర్పు చెప్పింది. అయినా ఆ సొమ్ము వసూలు కోసం 2011లో మళ్లీ ఉత్తర్వు ఇవ్వవలసి వచ్చిందంటే, తీర్పుకూ అమలుకూ మధ్య ఎంత దూరం ఉంటుందో ఊహించుకోండి.

మీ కేసు నిలిచేదీ పడిపోయేదీ రుజువు దగ్గరే. మీ భూసార పత్రం ఒక్కటే సరిపోదు, ఎందుకంటే ఆ పరీక్ష మాంగనీసును మొక్కకు అందే పోషకంగా కొలుస్తుందే తప్ప కాలుష్యంగా కాదు. సీసం, కాడ్మియం, క్రోమియం అందులో ఉండనే ఉండవు. పైగా మీది 1892 నుంచి మాంగనీసు తవ్వుతున్న ప్రాంతం కనుక ‘నేలే అంత’ అన్న వాదనను తేలిగ్గా తీసుకోరాదు. దానికి జవాబు పోలికలోనే ఉంది. గెడ్డ నీరు చేరని, అదే రకం నేల ఉన్న పొలంలో ఒక నమూనా, మీ పొలంలో నీరు దిగే మడవ దగ్గర ఒకటి, దూరపు గట్టు దగ్గర మరొకటి, ప్రతిచోటా పై పొర, లోపలి పొర వేరువేరుగా తీయించండి. దిబ్బలకు ఎగువన, దిగువన గెడ్డలోని ఒండ్రును కూడా పరీక్షించాలి. లోహం మడవ దగ్గర, పై పొరలో ఎక్కువగా ఉండి దూరం పోయేకొద్దీ తగ్గితే, అది నీటితో వచ్చిందనడానికి బలమైన ఆధారం.

నమూనాలు తీయవలసిందిగా కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయాన్ని లిఖితపూర్వకంగా కోరి రసీదు ఉంచుకోండి. మీరు సొంతంగా చేయించిన పరీక్షలూ వృథా కావు. సాక్ష్య చట్టపు నియమాలకు ట్రిబ్యునల్ కట్టుబడనక్కరలేదు, వాటిని చూసి నిపుణుల సంఘాన్ని వేయవచ్చు. సమాచార హక్కు చట్టం కింద గని పర్యావరణ అనుమతి షరతులను, అర్ధసంవత్సర నివేదికలను అడగండి. దిబ్బల చుట్టూ కాలువ, మట్టి తేర్చే కుంట ఏర్పాటు చేయాలన్న షరతు ఉండి, అవి అక్కడ లేకపోతే, తేదీతో తీసిన ఫోటోలు బాగా పనికివస్తాయి. దిగుబడి నష్టానికి ఈ-క్రాప్ నమోదు, ధాన్యం అమ్మిన రసీదులు చూపవచ్చు.

కలుషిత స్థలాల శుద్ధికి కేంద్రం 2025లో తెచ్చిన నిబంధనలు సాధారణంగా గని తవ్వకాలకు వర్తించవు కనుక వాటిపై ఆశ పెట్టుకోవద్దు. గనులవారు చెల్లించే సొమ్ముతో నడిచే జిల్లా ఖనిజ ఫౌండేషన్ నిధులతో ఊరికి తాగునీటి పథకం, కాలుష్య నివారణ పనులు కోరుతూ కలెక్టరుకు అర్జీ ఇవ్వవచ్చు గానీ, మీ సొంత నష్టానికి అది పరిహారం కాదు.

ఇక సంతకం విషయం. ‘ఇకపై ఏ క్లెయిమూ లేదు’ అన్న వాక్యం ఆ కాగితంలో ఉంటే, న్యాయవాదికి చూపకుండా సంతకం పెట్టకండి. సొమ్ము తీసుకోక తప్పకపోతే, అది ఫలానా పంటకాలపు నష్టానికి మాత్రమేనని, నేల శుద్ధికి సంబంధించిన హక్కు మీకు మిగిలే ఉందని రాయించుకోండి. ఫీజు భారమైతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు దరఖాస్తు చేయండి. ఆదాయ పరిమితికి లోబడినవారికి, ఆదాయంతో పనిలేకుండా మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు అక్కడ న్యాయవాదిని ఉచితంగా ఏర్పాటు చేస్తారు.